ఉబ్బసం: ఏ పరీక్ష ముందు, ఏ మందు రోజూ, ఏ పరికరం ఎవరికి

ఉబ్బసం అనుమానంతో ఆసుపత్రి మెట్లెక్కిన కుటుంబానికి ఒకేసారి చాలా దారులు కనిపిస్తాయి. ఒక వైద్యుడు ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష రాస్తారు. మరొకరు ఊదే పరీక్ష చేయించమంటారు. వీధి చివరి ల్యాబువారు వందకు పైగా పదార్థాలకు ఎలర్జీ చూసే ప్యాకేజీ రాయితీలో ఉందని చెబుతారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందనీ, మాత్రలతోనే సరిపెట్టుకోవాలనీ బంధువులు హితవు చెబుతారు. జూన్ వస్తే మృగశిర కార్తె నాటి చేపప్రసాదం మాట ఎలాగూ వస్తుంది.

వీటిలో దేనిని ఎప్పుడు, ఎందుకు ఎంచుకోవాలో పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. మన ఇళ్లలో ఉబ్బసానికి పెట్టే ఖర్చులో పెద్దభాగం తప్పుచోట పడుతోంది. ఎలర్జీ జాబితాలకూ, ఆయాసం ముదిరాక పెట్టించే నెబులైజర్లకూ, ఇంజెక్షన్లకూ వేలకు వేలు పోస్తాం; ఊపిరిని కొలిచే పరీక్షకూ, రోజూ పీల్చవలసిన స్టెరాయిడ్ మందుకూ మాత్రం వెనకాడతాం. 2019 నాటి ప్రపంచ వ్యాధిభార అధ్యయనం ప్రకారం లోకంలోని ఉబ్బస రోగుల్లో సుమారు 13 శాతం మంది మన దేశంలో ఉండగా, ఉబ్బస మరణాల్లో మాత్రం దాదాపు 42 శాతం ఇక్కడే జరుగుతున్నాయి. మందు లేని జబ్బుకు ఇంత తేడా ఉంటే అర్థం చేసుకోవచ్చు. మందులు జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే ఉన్న జబ్బుకు ఇంత తేడా ఉండడం విచారించదగిన విషయం.

ఇది ఉబ్బసమేనా

ఉబ్బసం స్వభావం హెచ్చుతగ్గులు. శ్వాసనాళాలు ఒకపూట బిగుసుకుంటాయి, మరొకపూట మందుతోనో తమంతట తామో వదులవుతాయి. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్లుండడం రాత్రివేళ, తెల్లవారుజామున, జలుబు చేసినప్పుడు, పరుగెత్తినప్పుడు, ధూళి తగిలినప్పుడు పెరుగుతాయి. కాబట్టి ఆ హెచ్చుతగ్గులను కొలిచే పరీక్షే ముందు వరుసలో ఉండాలి. ఎక్స్‌రే ఆ పని చేయలేదు. ఉబ్బసం ఉన్నవారి ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. క్షయ, న్యుమోనియా, గుండె పెరగడం వంటివి లేవని తేల్చుకోవడానికే అది అక్కరకొస్తుంది.

మొదటి ఎంపిక స్పైరోమెట్రీ. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టాన్ని పళ్ల మధ్య ఉంచి పెదవులతో బిగించి, నిండుగా గాలి పీల్చి ఒక్క ఉదుటున బయటకు ఊదమంటారు. పక్కనున్న టెక్నీషియన్ “ఇంకా, ఇంకా, ఆపొద్దు” అని అరుస్తూనే ఉంటారు. గొంతు కాస్త నొప్పెడుతుంది, కళ్లు తిరిగినట్లు కూడా అనిపించవచ్చు. ఆ అరుపు మర్యాద తప్పడం కాదు, మొదటి సెకనులో పూర్తి బలం పెట్టకపోతే పరీక్ష పనికిరాదు. తర్వాత శ్వాసనాళాలను వదులు చేసే సాల్బ్యుటమాల్ మందు పీల్పించి, 10 నుంచి 15 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తారు. రిపోర్టులో చూడవలసినది ఎఫ్‌ఈవీ1, అంటే మొదటి సెకనులో బయటకొచ్చిన గాలి పరిమాణం. మందుకు ముందు 1.80 లీటర్లు ఉండి, తర్వాత 2.15 లీటర్లు అయిందనుకుందాం: పెరుగుదల 350 మిల్లీలీటర్లు, అంటే 19 శాతం. పెద్దవారిలో 12 శాతానికి మించి, అలాగే 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఉబ్బసానికి బలమైన సాక్ష్యంగా తీసుకోవడం రివాజు. రెండు షరతులూ కలిసి నెరవేరాలి. పరీక్షకు ముందు కనీసం 4 గంటలు సాల్బ్యుటమాల్ వంటి ఉపశమన మందు వాడకూడదు, రోజుకు రెండుసార్లు వాడే దీర్ఘకాలిక మందు అయితే 24 గంటల ముందు ఆపాలి. అలా ఆపగలరో లేదో వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి.

బాగున్న రోజున చేయించుకున్న స్పైరోమెట్రీ మామూలుగా రావడం సహజం. అంతమాత్రాన ఉబ్బసం లేదని కాదు. వీలైతే లక్షణాలున్న రోజున, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెట్టకముందే చేయించుకోవడం మేలు. మొదలుపెట్టాక హెచ్చుతగ్గులు చదునైపోతాయి, రుజువు చేయడం కష్టమవుతుంది.

స్పైరోమెట్రీ సౌకర్యం దూరమైన చోట పీక్ ఫ్లో మీటరు రెండో ఎంపిక, చౌకైన ఎంపిక కూడా. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం అది. బలంగా ఊదితే ముల్లు కదిలి నిమిషానికి ఎన్ని లీటర్ల వేగమో చూపిస్తుంది. రెండు వారాలపాటు ఉదయం, సాయంత్రం మూడేసి సార్లు ఊది, మూడింటిలో పెద్ద సంఖ్యను రాసుకోవాలి. ఒకరోజు ఉదయం 280, సాయంత్రం 350 వస్తే తేడా 70, సగటు 315, అంటే ఆ రోజు మార్పు 22 శాతం. ఇలా రోజువారీ మార్పుల సగటు పెద్దల్లో 10 శాతం, పిల్లల్లో 13 శాతం దాటితే ఉబ్బసం వైపు మొగ్గవచ్చు. మీటరు మారిస్తే అంకెలు మారతాయి గనుక మొదటి నుంచి చివరి దాకా ఒకే మీటరు వాడాలి.

ఈ చిన్న గొట్టం స్పైరోమెట్రీని మించిపోయే సందర్భం ఒకటుంది. రొయ్యల శుద్ధి కర్మాగారంలో, జిన్నింగ్ మిల్లులో, మిర్చి యార్డులో, పిండిమరలో పనిచేసేవారికి ఆయాసం పనివల్లనే వస్తోందా అన్నది ఆసుపత్రిలో ఒకపూట ఊదితే తెలియదు. పనిదినాల్లోనూ, సెలవుదినాల్లోనూ రోజుకు కనీసం నాలుగుసార్లు కొన్ని వారాలపాటు ఊది రాసుకున్న కాగితం చూస్తే, సెలవులో అంకె పెరిగి పనిలో చేరగానే పడిపోవడం కంటికి కనిపిస్తుంది. పనిచోటులోనే మూలముంటే ఎన్ని మందులు వాడినా సగమే ఫలితం.

ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే ఫీనో పరీక్ష మూడోది. పెద్దల్లో 50 పీపీబీ (వందకోట్లలో 50 వంతులు) దాటితే స్టెరాయిడ్‌కు లొంగే రకం వాపు ఉందని అనుకోవచ్చు. అయితే ఎలర్జీ జలుబు ఒక్కటే ఉన్నా ఇది పెరుగుతుంది; పొగతాగేవారిలో, ఇప్పటికే స్టెరాయిడ్ పీలుస్తున్నవారిలో తగ్గుతుంది. స్పైరోమెట్రీతో తేలని చోట తోడుగా చేయించుకోవచ్చు గానీ, రెండింటిలో ఒకదానికే డబ్బుంటే స్పైరోమెట్రీకే పెట్టాలి. ఐదేళ్లలోపు పిల్లలు ఈ పరీక్షలేవీ నమ్మకంగా చేయలేరు. వారిలో లక్షణాలు మళ్లీమళ్లీ వచ్చే తీరు, కుటుంబ చరిత్ర, ఎగ్జిమా వంటి ఎలర్జీ చర్మవ్యాధి, కొన్ని వారాలు మందిచ్చి చూసిన ఫలితమే ఆధారాలు.

ఉబ్బసంలా కనిపించేవి మన ప్రాంతంలో కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి. బోదకాలు వ్యాపించిన కోస్తా జిల్లాల్లో రాత్రిళ్లు తెరలుతెరలుగా దగ్గు, ఆయాసం వచ్చి, రక్తంలో ఇసినోఫిల్ కణాలు మైక్రోలీటరుకు 3000 దాటితే, ఫైలేరియా క్రిమి వల్ల వచ్చే ఉష్ణమండల ఇసినోఫీలియాను ముందు అనుమానించాలి. దానికి మూడు వారాల డీఈసీ మాత్రలు మందు, ఇన్‌హేలర్ కాదు. కట్టెలపొయ్యి ముందు దశాబ్దాలు గడిపిన స్త్రీకి నలభై దాటాక మొదలైన ఆయాసం, బీడీలు తాగే పురుషుడి ఆయాసం చాలాసార్లు సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు, అవుతుంది. మందిచ్చాక కూడా గాలి తోవ పూర్తిగా తెరుచుకోకపోవడం దాని గుర్తు. ఉబ్బసమున్న మనిషి గోధుమరంగు గళ్లలు ఉమ్ముతూ, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తే, కఫంలో క్షయ క్రిమి దొరకకుండానే క్షయ మందులు మొదలుపెట్టిన ఉదాహరణలు మన దేశంలో తక్కువేమీ కాదు. అవి ఆస్పర్జిల్లస్ అనే బూజుకు శరీరం ఎదురుతిరగడం వల్ల వచ్చే ఏబీపీఏ కావచ్చు. పడుకుంటే ఎగపోత వచ్చి లేచి కూర్చుంటే తగ్గే పెద్దవయసు వారికి గుండె పరీక్ష తప్పనిసరి.

ఎలర్జీ పరీక్షల్లో ఏది

ఎలర్జీ పరీక్ష ఉబ్బసాన్ని నిర్ధారించదు. నిర్ధారణ అయ్యాక, దేనివల్ల పెరుగుతోందో తెలుసుకోవడానికే అది ఉపయోగపడుతుంది. వ్యాపారం మాత్రం ఈ వరుసను తలకిందులు చేసింది.

చర్మంపై చేసే ప్రిక్ టెస్టులో ముంజేతిపై చుక్కలుగా ద్రావణాలు వేసి, సన్నని మొనతో పైపైన గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల్లో దద్దురు లేస్తుంది, నీటిచుక్క వేసిన చోటుకంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే పాజిటివ్. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది, ఖర్చు సాధారణంగా రక్తపరీక్షకంటే తక్కువ. లోపమేమిటంటే సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ వంటి మాత్రలు 3 నుంచి 7 రోజులు మానేయాలి. చర్మవ్యాధి విస్తరించినవారికీ, ఆయాసం అదుపులో లేనివారికీ ఇది తగదు. అలాంటివారికి రక్తంలో ఒక్కొక్క పదార్థానికి ఐజీఈ అనే ఎలర్జీ యాంటీబాడీని విడిగా చూసే స్పెసిఫిక్ ఐజీఈ పరీక్ష ప్రత్యామ్నాయం, దానికి ఏ మాత్రా మానవలసిన పనిలేదు.

టోటల్ ఐజీఈ ఒక్కటి చేయించి “ఎలర్జీ 900 ఉంది” అని భయపడేవారు చాలామంది. కడుపులో నులిపురుగులున్నా ఆ అంకె పెరుగుతుంది గనుక మన దేశంలో దాని ఒక్కదానికీ విలువ తక్కువ. ఏబీపీఏ అనుమానమున్నప్పుడు, ఐజీఈని అడ్డుకునే ఇంజెక్షన్ మోతాదు లెక్కకట్టేటప్పుడు మాత్రం అది కావాలి. ఇక వందలాది ఆహారపదార్థాల ప్యాకేజీ సంగతి: ఐజీజీ యాంటీబాడీలను చూసే ఆహార పరీక్షలను ఎలర్జీ నిర్ధారణకు వాడవద్దని యూరపు ఎలర్జీ వైద్యుల సంఘం 2008లోనే స్పష్టం చేసింది. ఐజీజీ అంటే ఆ పదార్థం మీరు తిన్నారని మాత్రమే గుర్తు. ఆ జాబితా పట్టుకుని వంకాయ, గోంగూర, పెరుగు, గుడ్డు, కందిపప్పు అన్నీ మాన్పించి పిల్లవాణ్ణి చిక్కిపోనివ్వడం ఉబ్బసంకంటే పెద్ద అపకారం. పెద్దల్లో ఉబ్బసం ఆహారంవల్ల పెరగడం అరుదు. పెరిగితే తిన్న కొద్దిసేపట్లోనే, ప్రతిసారీ తెలిసిపోతుంది.

నా సలహా సూటిగా చెప్పాలంటే, ధూళిపురుగు, బొద్దింక, బూజు, వయ్యారిభామ వంటి పుప్పొడులు, ఇంట్లో ఉంటే పిల్లి, కుక్క, ఇలా మన పరిసరాల్లో నిజంగా ఉన్న కొద్దివాటికే ప్రిక్ టెస్టు చేయించాలి. ఫలితం వల్ల చికిత్సలో గానీ, ఇంట్లో గానీ ఏదో ఒకటి మారుతుందనుకుంటేనే చేయించాలి.

మాత్రా, ఇన్‌హేలరా, ఉపశమనమా, నివారణా

ఇన్‌హేలర్‌కు జంకి సాల్బ్యుటమాల్ మాత్రలతో నెట్టుకొచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాముల మందుంటుంది. మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 రెట్లు. మాత్ర పొట్టలోంచి రక్తంలోకి, ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరుతుంది. దారిలో చేతులు వణికిస్తుంది, గుండెదడ తెప్పిస్తుంది, పనిచేయడం కూడా ఆలస్యమే. థియోఫిలిన్ కుటుంబపు మాత్రల్లో పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం మరీ తక్కువ. బలమైన మందు ఏదని అడిగితే మాత్రే బలమైనది, తప్పుచోట బలమైనది.

అంతకంటే ముఖ్యమైన ఎంపిక ఇన్‌హేలర్ రకాల మధ్య ఉంది. సాల్బ్యుటమాల్ వంటి ఉపశమన మందు బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, లోపలి వాపును ముట్టుకోదు. వాపు అలాగే ఉండగా పైకి హాయిగా ఉంటుంది; అందువల్లే అది ప్రమాదకరం. అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంస్థ గినా 2019 నుంచి, స్టెరాయిడ్ లేకుండా ఉపశమన ఇన్‌హేలర్ ఒక్కదానితోనే చికిత్స చేయడాన్ని పెద్దలకూ, కౌమారవయస్కులకూ సిఫారసు చేయడం మానేసింది. సంవత్సరంలో 200 పఫ్‌ల ఇన్‌హేలర్లు మూడు లేదా అంతకంటే ఎక్కువ ఖాళీ అయ్యాయంటే తీవ్ర దాడుల ముప్పు, పన్నెండు దాటితే మరణముప్పు పెరిగినట్లు. మందుల షాపులో చీటీ లేకుండా అస్తాలిన్ (సాల్బ్యుటమాల్) ఒక్కటే కొనుక్కునే అలవాటు ఉన్నవారు తమ ఇంటి ఖాళీ డబ్బాలను ఓసారి లెక్కపెట్టుకోవాలి.

2021 నుంచి గినా రెండు బాటలు చూపిస్తోంది. మొదటి బాటలో బుడెసోనైడ్ అనే స్టెరాయిడ్, శ్వాసనాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఒకే ఇన్‌హేలర్ అన్ని పనులూ చేస్తుంది: తేలికపాటి జబ్బులో ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే, కొంచెం ఎక్కువైతే రోజూ ఒక లెక్క ప్రకారమూ, దానిపై అవసరమైనప్పుడూ. ఫార్మోటెరాల్ నిమిషాల్లో పనిచేస్తుంది గనుక ఇది సాధ్యం; ఆయాసం కోసం పీల్చిన ప్రతిసారీ స్టెరాయిడ్ కూడా లోపలికి వెళుతుంది. రెండో బాటలో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ క్రమం తప్పకుండా వాడుతూ, ఉపశమనానికి సాల్బ్యుటమాల్ విడిగా పెట్టుకుంటారు. బాగున్న వారంలో మందు మరిచిపోయే స్వభావమున్న పెద్దలకు మొదటి బాటే నయమని నేననుకుంటాను. మనలో ఎక్కువమందిమి ఆ కోవకే చెందుతాం. ఇప్పటికే రెండో బాటలో ఉండి, రోజూ తప్పకుండా వాడుతూ, ఏ ఇబ్బందీ లేనివారు మారవలసిన పనిలేదు. 12 ఏళ్లలోపు పిల్లలకు లెక్కలు వేరు, పిల్లల వైద్యుడే నిర్ణయించాలి.

ఇక్కడ ఒక పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. ఫ్లూటికసోన్, సాల్మెటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ కూడా చూడడానికి అలాగే ఉంటుంది, అదీ రోజూ వాడే మంచి మందే. కానీ సాల్మెటెరాల్ నెమ్మదిగా పనిచేస్తుంది గనుక దాన్ని ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనానికి వాడకూడదు. డబ్బా రంగును, బ్రాండును కాకుండా దానిపై చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరును చదివి గుర్తుపెట్టుకోవాలి.

స్టెరాయిడ్ అనగానే కలిగే భయానికి అంకెలే జవాబు. రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున 100 రోజులు పీల్చిన బుడెసోనైడ్ మొత్తం 40 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ వద్దనుకుని ఆయాసం ముదరబెట్టుకున్న పెద్దవారికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల ఒక్కరోజు మోతాదూ ఇంచుమించు అంతే. రెండు మందుల బలం సమానం కాదు గనుక ఇది కచ్చితమైన తూకం కాకపోయినా, రక్తంలోకి వెళ్లే భారంలో తేడా ఎంతో తెలుస్తుంది. జీవితకాలంలో నాలుగైదు సార్లు ఆ మాత్రల కోర్సు వాడినా ఎముకలు గుల్లబారడం, మధుమేహం, శుక్లాల ముప్పు పెరుగుతుందని తేలింది. పీల్చే స్టెరాయిడ్‌కూ దుష్ఫలితాలున్నాయి: నోటిలో తెల్లపూత, గొంతు బొంగురు. పీల్చగానే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే అవి చాలావరకు తప్పుతాయి. పిల్లల్లో ఎత్తు తుదకు దాదాపు 1 సెంటీమీటరు తగ్గవచ్చని అమెరికాలో సాగిన దీర్ఘకాలిక అధ్యయనం 2012లో చెప్పింది. రాత్రంతా దగ్గుతూ బడి మానే పిల్లవాడికి అది మోయదగిన ధర అనే నా ఉద్దేశం.

మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిపిన మాత్ర మన దగ్గర విరివిగా నడుస్తోంది. ఎలర్జీ జలుబుతో కూడిన తేలిక జబ్బులో కొంత ఉపయోగమున్నా, స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు అది సాటి కాదు. కొందరిలో పీడకలలు, చిరాకు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు కలిగిస్తున్నందున అమెరికా ఎఫ్‌డీఏ 2020 మార్చిలో దానిపై అత్యంత తీవ్రస్థాయి హెచ్చరిక ముద్రించమంది. మాత్ర మొదలుపెట్టాక పిల్లల ప్రవర్తన మారితే వెంటనే వైద్యుడికి చెప్పాలి.

పరికరం ఎవరికి ఏది

ఒకే మందు మూడు రకాల పరికరాల్లో దొరుకుతుంది, ఎంపిక రోగి చేతినీ ఊపిరినీ బట్టి ఉండాలి.

పఫ్ కొట్టే ఇన్‌హేలర్‌లో మందు దానంతట అదే వేగంగా దూసుకొస్తుంది, మనం నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే మందు నాలుక మీదా గొంతు వెనకా పడిపోతుంది. స్పేసర్ అనే బుర్ర తగిలిస్తే ఆ చిక్కు తీరుతుంది. డబ్బాను ఊపి, స్పేసర్‌కు బిగించి, ఊపిరి వదిలి, పెదవులు బిగించి, ఒక్క పఫ్ నొక్కి నెమ్మదిగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. రెండు పఫ్‌లు ఒకేసారి లోపలికి కొట్టకూడదు. పసిపిల్లలకైతే మాస్కు తగిలించి ముక్కు, నోరు మూసుకునేలా ఆనించి, ఐదారు శ్వాసలు తీయనివ్వాలి. స్పేసర్‌ను నెలకోసారి సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే స్థిరవిద్యుత్తు పుట్టి మందంతా గోడలకే అంటుకుంటుంది.

పొడి మందు క్యాప్సూల్‌గా వచ్చే రోటాహేలర్ వంటి పరికరాలు చౌక, జేబులో పడతాయి, పొడి మిగిలిందో లేదో కంటికి కనిపిస్తుంది. ఇక్కడ పీల్చే తీరు పూర్తిగా తిరగబడుతుంది: వేగంగా, బలంగా లాగాలి. ఆయాసం తీవ్రంగా ఉన్నవారు, చిన్నపిల్లలు, బాగా వయసు పైబడినవారు అంత బలంగా లాగలేరు. పరికరంలోకి ఊపిరి ఊదితే పొడి చెమ్మగిల్లి గడ్డకడుతుంది. వానాకాలంలో క్యాప్సూళ్లను ముందే విప్పి డబ్బాలో పోసుకున్నా అదే గతి. క్యాప్సూల్‌ను మింగేసేవారూ ఉన్నారు, తప్పు వారిది కాదు, చూపించకుండా చీటీ చేతిలో పెట్టినవారిది. ఏ పరికరం తీసుకున్నా ఫార్మసిస్టు ముందో నర్సు ముందో ఒకసారి వాడి చూపించి, వచ్చే సందర్శనలో మళ్లీ చూపించడం మందు మార్చడంకంటే ఎక్కువసార్లు మేలు చేస్తుంది.

నెబులైజర్ మీద మనవారికున్న గౌరవం దాని పనికి మించినది. మిషన్ శబ్దం, పొగలాంటి ఆవిరి చూసి పెద్ద వైద్యం జరిగిందని తృప్తి కలుగుతుంది. ప్రాణాపాయం లేని దాడుల్లో స్పేసర్‌తో పీల్చిన సాల్బ్యుటమాల్ కూడా అంతే పనిచేస్తుందని పెద్దలపైనా, పిల్లలపైనా జరిగిన పరీక్షలు తేల్చాయి. 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాకు కన్నం పెట్టి చేసిన స్పేసర్ కూడా పిల్లల్లో చక్కగా పనిచేసిందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లోనే చూపించారు. స్పృహ తగ్గినవారికి, స్పేసర్ పట్టుకోలేనివారికి నెబులైజర్ అవసరమే. ఇంట్లో కొనిపెట్టుకోవడం వల్ల మాత్రం ఆసుపత్రికి వెళ్లవలసిన సమయం ఆలస్యమయ్యే ప్రమాదముంది. ఆ డబ్బుతో రెండు స్పేసర్లు, ఒక పీక్ ఫ్లో మీటరు కొనడం మేలు.

ముక్కును వదిలేయకూడదు

ఉబ్బసమున్నవారిలో ఎక్కువమందికి తుమ్ములు, ముక్కు దిబ్బడ, దురద కూడా ఉంటాయి. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఒకే దారి అన్న దృష్టిని ఎలర్జీ జలుబు, ఉబ్బసాలపై వచ్చిన ఏరియా (ARIA) అనే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2001లో స్థిరపరిచాయి. ముక్కు వాపు తగ్గకపోతే ఛాతీ కూడా కుదుటపడదు. దిబ్బడ ప్రధానమైనప్పుడు సెట్రిజిన్ రకం మాత్రలకంటే ఫ్లూటికసోన్, మొమెటసోన్ స్ప్రేలే మెరుగు; అవి పూర్తిగా పనిచేయడానికి కొన్నిరోజులు పడుతుంది, రెండురోజులకే మానేస్తే తెలియదు. ఎడమచేత్తో కుడి ముక్కులోకి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి కొట్టుకుంటే మందు మధ్యగోడకు తగలక రక్తం కారదు. దిబ్బడను నిమిషంలో విడదీసే ఆక్సీమెటాజొలీన్, జైలోమెటాజొలీన్ చుక్కలు మాత్రం ఐదురోజులకు మించితే తిరగబెడతాయి.

మిగిలిన దారులు

ఎలర్జీ మూలాన్నే కొంచెం కొంచెంగా అలవాటు చేసే ఇమ్యునోథెరపీ 1911లో లండన్‌లో మొదలైంది. ధూళిపురుగు వంటి ఒకటిరెండింటికే స్పష్టమైన ఎలర్జీ ఉండి, జలుబు ప్రధానంగా బాధిస్తూ, ఉబ్బసం అదుపులో ఉన్నవారికి అది మంచి ఎంపిక. మూడు నుంచి ఐదేళ్లు సాగుతుంది. ఇంజెక్షన్ రూపంలోనైతే ప్రతిసారీ అర్ధగంట ఆసుపత్రిలోనే కూర్చోవాలి. నాలుక కింద వేసుకునే రూపం ఇంట్లో సాగించవచ్చు. ఎఫ్‌ఈవీ1 70 శాతానికి దిగువన ఉన్నప్పుడు మొదలుపెట్టకూడదు. పదీ పదిహేను పదార్థాలు కలిపిన సీసా ఇస్తామన్నవారి దగ్గరికి వెళ్లకపోవడమే క్షేమం. ఒమాలిజుమాబ్, మెపోలిజుమాబ్, బెన్రాలిజుమాబ్, డుపిలుమాబ్ వంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు చాలా ఖరీదైనవి. అధిక మోతాదు ఇన్‌హేలర్లు సరిగ్గా వాడినా దాడులు ఆగని కొద్దిమందికే అవి.

ఇంట్లో చేసే మార్పుల్లో పొగకే మొదటి స్థానం. కట్టెలపొయ్యి స్థానంలో గ్యాసు, దోమల కాయిల్ స్థానంలో దోమతెర, గదిలో అగరుబత్తి మానడం, ఇంట్లో ఎవరూ పొగతాగకపోవడం, వీటికి సాటివచ్చే ఎయిర్ ప్యూరిఫైయర్ లేదు. ధూళిపురుగు ఎలర్జీ ఉన్నవారు పక్కదుప్పట్లు, దిండుగలీబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతికి ఎండబెట్టాలి, గది ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవాలి. పరుపుకు ఖరీదైన కవరు ఒక్కటి తొడిగినంత మాత్రాన జబ్బు తగ్గినట్లు పరిశోధనలు చూపలేదు.

హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మృగశిర కార్తెకు బత్తిని కుటుంబం ఉచితంగా పంచే చేపప్రసాదం కోసం దూరప్రాంతాల నుంచి వేలాదిమంది వస్తారు. కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయ పరీక్షలో రుజువు కాలేదు. నమ్మకంతో తీసుకునేవారితో వాదించడం ఈ వ్యాసం పని కాదు. అయితే ఇన్‌హేలర్‌కు ప్రత్యామ్నాయంగా దాన్ని తూచవద్దు. ఆ రోజు క్యూలో కూడా ఉపశమన ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

దాడి వచ్చినప్పుడు, తగ్గిన తర్వాత

ఇంట్లోనా, ఆసుపత్రికా అన్న ఎంపికకు వెసులుబాటు తక్కువ. వాక్యం పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగత, మెడ కండరాలు లోపలికి లాగడం, పీక్ ఫ్లో తన ఉత్తమ అంకెలో సగానికి పడిపోవడం, ఉపశమన మందు మూడు నాలుగు గంటలు కూడా పనిచేయకపోవడం: వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోగా స్పేసర్‌తో సాల్బ్యుటమాల్ 4 నుంచి 10 పఫ్‌లు, ఒక్కొక్కటిగా, అవసరమైతే 20 నిమిషాలకొకసారి ఇవ్వవచ్చు. రోగిని పడుకోబెట్టకూడదు, నిద్రమాత్ర అసలే ఇవ్వకూడదు.

రెండు మూడు నెలలు రాత్రి దగ్గు లేకుండా, ఉపశమన మందు అవసరం పడకుండా, పనికి ఆటంకం లేకుండా గడిస్తే మందు తగ్గించే మాట వైద్యుడితో మాట్లాడవచ్చు. స్టెరాయిడ్ మోతాదును ఒక్కోసారి నాలుగో వంతు నుంచి సగం వరకు తగ్గించి, మూడేసి నెలలు గమనిస్తారు. ఒక్కసారిగా పూర్తిగా మానడం పెద్దలకు తగదు. తగ్గించడానికి కాలం కూడా చూసుకోవాలి. తొలకరి చెమ్మలో, దీపావళి పొగలో, డిసెంబరు చలిలో, దూరప్రయాణానికి ముందు, జలుబు ఉన్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు ఆ ప్రయత్నం వద్దు. గర్భిణి మందు మానడం వల్ల బిడ్డకు వచ్చే ముప్పు, బుడెసోనైడ్ పీల్చడం వల్ల వచ్చే ముప్పుకంటే చాలా పెద్దది.